గంగయ్య వచ్చేదాకా

మా మామ సవరయ్య నలభై ఆరేళ్ళు సేద్యం చేశాడు. అందులో మొదటి పంట తప్ప ఒక్క ఏడాది కూడా గంగయ్య రాకముందు నేలలో గింజ పెట్టలేదు.

వాన ఎంత పడనీ, పక్క చేలవాళ్ళు ఎంత తొందరపెట్టనీ, గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ వాగు అవతలి బాట చూసేవాడు. గంగయ్య తీరిగ్గా వచ్చేవాడు. మా చేను నడుమ నడుమెత్తు రాయి ఒకటి పాతి ఉంది. దాని ముందు మోదుగాకులో తెచ్చిన గింజలు పోసి, కాస్త ఇప్పసారా వంచి, తన కోయ మాటల్లో ఏదో చెప్పుకుని లేచేవాడు. అప్పుడు మా మామ పంచె ఎగ్గట్టేవాడు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఇది చూసి నవ్వాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఏంది మామా, మెడల జపమాల, చేన్ల సారా?"

"నీకు తెల్వదు, ఊకో బిడ్డా," అన్నాడు.

ఆ సాయంత్రమే అత్తమ్మ విశ్రాంతమ్మ అంతా చెప్పింది. ఆ రాయి గంగయ్య తండ్రి సోడె కన్నయ్యది. అమ్మవారు పోసి చనిపోతే కాల్చకుండా అక్కడే పూడ్చి, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం రాయి నిలబెట్టారు. అక్కడున్న రెండిళ్ళవాళ్ళూ భయంతో వాగు దాటి వెళ్ళిపోయారు. తర్వాత కొన్నాళ్ళకు మా మామ వైరా దగ్గర్నుంచి పెళ్ళాన్నీ, రెండు ఎడ్లనీ వెంటబెట్టుకుని వచ్చేసరికి అక్కడ మనుషుల్లేరు, సగం చెట్లు కొట్టిన చేను మాత్రం ఉంది. మిగతా సగం ఈయన కొట్టాడు. మొదటి పంట కంకి మీదున్నప్పుడు కన్నయ్య పెళ్ళాం చంటివాణ్ణి చంకనేసుకుని వచ్చింది. చేను అడగలేదు. విత్తే ముందు మేమొచ్చి ఆయన్ని చూసిపోతాం, అప్పటిదాకా గింజ పెట్టొద్దు, అని ఒక్క మాట అడిగింది. మా మామ సరేనన్నాడు. ఆ చంటివాడే గంగయ్య.

మా మామ ఈ కథ ఎవరికీ చెప్పేవాడు కాదు. "ఈ ఊళ్ళ మొదటి నాగలి నాది," అని మాత్రం చెప్పేవాడు, గంగయ్య పక్కన లేనప్పుడు. ఆ గొప్ప అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. మొదటి బావి ఆయన తవ్విందే. ఆయన లోపల దిగి తవ్వుతుంటే అత్తమ్మ కడుపుతో ఉండి తట్టలు మోసింది. ఎలుగుబంటి గీరిన మచ్చ చచ్చేదాకా ఆయన భుజం మీద ఉంది. తర్వాత వచ్చిన ప్రతి కుటుంబమూ మొదటి వానాకాలం మా గొడ్లకొట్టంలోనే తలదాచుకుంది. విత్తనం ఇచ్చాడు, నీళ్ళు ఎక్కడ పడతాయో చూపించాడు, తాటాకు గుడిసె వేసి దాన్ని చర్చి అన్నాడు. ఇప్పుడు ముప్పై గడపల ఊరు, మా వైపు మాటలో గుంపు. బోర్డు మీద ఇంకేదో పేరుంది కానీ బస్సు కండక్టరు "సవరయ్యగుంపు దిగేటోళ్ళు" అనే కేకేస్తాడు. ఆ కేక విన్నప్పుడల్లా మా మామ కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటిస్తూ, ఎవరైనా తనవైపు చూశారా అని ఓరకంట గమనించేవాడు. అంత పేరున్న మనిషికి తన పేరు మీద అడుగు జాగా లేదు. అదంతా అడవి భూమి.

రెండేళ్ళ కిందట వేసవిలో అడవి శాఖ వాళ్ళు వచ్చి మా చేను అంచున ముగ్గు పోసి పోయారు. వానలు పడగానే అక్కడ కందకం తీసి, లోపల మొక్కలు నాటుతారట. మా చేను ముగ్గుకు లోపలే ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ మూడున్నర ఎకరాల పత్తి మీద. నా మొగుడు షాలేమ్‌రాజు పాల్వంచలో కాంట్రాక్టు పనికి పోతాడు కానీ, పిలిస్తే పని, పిలవకపోతే లేదు.

తండా నుంచి జైరాం వచ్చాడు. గ్రామ కమిటీలో మెంబరు, మంచివాడు. పట్టాల కోసం మళ్ళీ దరఖాస్తులు తీసుకుంటున్నారని చెప్పడానికే వచ్చాడు.

"మాది ఒక లెక్క, మీది ఒక లెక్క రాజన్నా," అన్నాడు. "మేము గిరిజనులం. మీకైతే మూడు తరాల నుంచి ఈడనే ఉన్నట్టు చూపాలె. మీ నాయిన, నువ్వు. రెండే అయితున్నయ్."

"మూడోది ఎక్కణ్ణుంచి తెమ్మంటవ్?"

"పాత బావి, పాత సమాధి గిట్ల ఏదన్న ఉంటే రాసుకుంటరు. మీ తాత సమాధి ఏడున్నది?"

మా ఆయన తాత ఇన్నయ్య సమాధి వైరా దగ్గర కాలవ గట్టు కింద ఉంది. పెళ్ళైన మూడో రోజు నన్నక్కడికి తీసుకెళ్ళారు. పట్టుచీర కొంగు అంటుకోకుండా పట్టుకుని దాని మీద నేనే కొవ్వొత్తి వెలిగించాను. జైరాం మాట విని మా ఆయన లేచాడు. గుమ్మంలో నిలబడి చేను వైపు చూశాడు. ఆయన ఏం చూస్తున్నాడో నాకు వెంటనే తెలిసింది.

అన్నాల దగ్గర మాట బయటపెట్టాడు. మామ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"అది గంగయ్య వాళ్ళయ్యది," అన్నాడు.

"నాకు తెల్వక అంటున్ననా నాయినా? కాయితం కోసం. ఒక్క కాయితం."

"గంగయ్యను అడుగుదాం."

"అడిగినంక వద్దంటే? అప్పుడేం జేస్తవ్? వద్దన్నంక మళ్ళ చెయ్యనీకి ఉండదు. ఊరికి నీ పేరున్నది, నీ పేరు మీద ఊళ్ళ ఏమున్నది? కందకం తీసినంక నువ్వూ అమ్మా ఏడ బతుకుతరు?"

మామ అత్తమ్మ వైపు చూశాడు. ఆమె తన పళ్ళెం తీసుకుని లేచింది.

"మీ ఇష్టం. నన్ను మాత్రం ఎవరి ముందట నిలబెట్టకండి. నాకు అబద్ధం రాదు," అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "ఒక్క మాటే గద మామా. గంగయ్య మామ ఏమనుకోడు. మనోడే గదా," అన్నాను. మామ నన్ను చూశాడు. సరే అనలేదు, వద్దనలేదు. ముద్ద పళ్ళెంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. మేము దాన్ని సరే కిందే లెక్కేసుకున్నాం.

ఆదివారం ముసలివాళ్ళిద్దరూ చర్చిలో పూజకు పోయాక, చర్చి గేటుకు వేయగా మిగిలిన తెల్ల పెయింటు డబ్బా తీసుకుని నేను చేలోకి వెళ్ళాను. మా చర్చి గోడల మీద వాక్యాలన్నీ నేను రాసినవే, నా చేతిరాత అంత బాగుంటుంది. రాయిని గుడ్డతో తుడిచి సిలువ వేశాను. దాని కింద ఇన్నయ్య అని రాశాను. సున్నం అయితే వానకు పోతుందని తెలివికి పోయి పెయింటు ఎంచుకున్నదీ నేనే. సిలువ చాలా చక్కగా కుదిరింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రోహిణి ఎండల్లో ఒక పొద్దున అధికారులు వచ్చారు. పంచాయతీ సెక్రటరీ అనిల్‌కుమార్, అడవి శాఖ మనిషి ఒకరు, జైరాం, వాళ్ళ వెనక ఊరి జనం పదిమంది. చుట్టుపక్కల గుంపుల నుంచి సాక్షులు కావాలని గంగయ్యను కూడా పిలిపించారు. ఆ సంగతి మాకు ముందు తెలియదు. బాటమ్మట అతను రావడం చూసి మా ఆయన ముఖం మాడిపోయింది.

బావి చూశారు, చింతచెట్టు చూశారు, చివరికి రాయి దగ్గరికి వచ్చారు. తెల్ల సిలువ ఎండలో మెరుస్తోంది. గంగయ్య దాన్ని చూశాడు. తర్వాత మా మామను చూశాడు. మామ గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చుని, తన కాళ్ళ దగ్గరి మట్టిబెడ్డను కర్రతో కదుపుతున్నాడు.

"సమాధి ఎవరిది పెద్దాయనా?" అని అడిగాడు అనిల్‌కుమార్.

"మా నాయినది."

"పేరు?"

"రాసున్నది గదా," అన్నాడు మామ. తండ్రి పేరు నోటితో పలకలేకపోయాడు.

సెక్రటరీ చదివి రాసుకున్నాడు. "గంగయ్యా, నువ్వు పుట్టి పెరిగింది ఈ పక్కనే గదా. నిజమేనా?"

గంగయ్య మళ్ళీ గట్టు వైపు తిరిగాడు. మా మామ తలెత్తుతాడేమోనని చూశాడనుకుంటాను. ఆయన తలెత్తలేదు.

"అన్న చెప్పిండు గదా. రాసుకోండి," అన్నాడు గంగయ్య.

కాగితం మీద వేలిముద్ర వేసి, సిరా తలకు తుడుచుకుని, వచ్చిన బాటనే నడిచాడు. ఏనాడూ మా ఇంటి ముందు నుంచి నీళ్ళు తాగకుండా పోయిన మనిషి కాదు. నేను చెంబుతో ఎదురెళ్ళాను. అతను నా చేతిలో చెంబు చూశాడు, పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"కడుపు నిండుగ ఉన్నది కోడలా," అన్నాడు ఆగకుండానే.

ఫైలు పైకి పోయింది కాబట్టి అది తేలేదాకా కందకం తీయరని జైరాం కబురు తెచ్చాడు. మా ఆయన ఆ రోజు కోడిని కోయించాడు. మామ తినలేదు.

మృగశిర రెండో రోజే మంచి వాన పడింది. నేల నానింది. ఊరంతా చేలల్లో ఉంది. మా మామ గట్టు మీద ఉన్నాడు. మొదటి వారం ఎవరూ ఏమీ అనలేదు, గంగయ్య ఎప్పుడూ తీరిగ్గానే వస్తాడు కదా. రెండో వారానికి పక్క చేలల్లో రెండాకులు వచ్చేశాయి. మామ పొద్దున్నే గొంగడి కప్పుకుని పోయేవాడు, చీకటి పడే ముందు వచ్చేవాడు. వాన వస్తే గొంగడిలోనే తడిసేవాడు. దగ్గు పట్టుకుంది.

"వాడు రాడు నాయినా. రాడని నీకూ తెల్సు," అన్నాడు మా ఆయన.

"వస్తడు."

"ఇంకెప్పుడు పెడతవ్ పత్తి? ఒక్క పదును పోతే ఏడాది పంట పోయినట్టే గదా."

"గంగయ్య రానీ."

నలభై ఆరేళ్ళు నిలబెట్టుకున్న మాటలో సగం ఒక్క పొద్దులో పోగొట్టుకున్నాడు. మిగిలిన సగమైనా చేతిలో ఉంచుకోవాలని చూస్తున్నాడని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం ముసలాయన మొండి అనుకున్నాను. చివరికి ఒకరోజు నన్నే పిలిచాడు.

"బిడ్డా, నువ్వొకసారి పోయి రా. నేను పోలేను. కాళ్ళు లేక కాదు."

వాగు మోకాటిలోతు ఉంది. దాటి వెళ్ళాను. గంగయ్య వాకిట్లో కూర్చుని వెదురు బద్దలతో గంప అల్లుతున్నాడు. నన్ను చూసి మంచం వాల్చాడు. అతని పెళ్ళాం సొరబుర్రతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగడానికి నాకు సిగ్గేసింది, అయినా తాగాను.

"చిన్నమామా, మామ నీకోసం చూస్తుండు."

"మా విత్తనాల పండుగ అయిపోయింది కోడలా. పదిహేను దినాలాయె."

"మా చేనికి రాలే."

"ఎవల దగ్గరికి రావాలె?" అన్నాడు, చేతిలో బద్ద వంచుతూ. "ఏటేటా మా అయ్య దగ్గరికి వస్తుంటి. ఇప్పుడు ఆడ మీ మామ నాయిన ఉన్నడు. కాయితం మీద నేనే ఏలుముద్ర ఏసిన."

అరిచినా, తిట్టినా తట్టుకునేదాన్ని. అతని గొంతులో కోపమే లేదు.

"తప్పయింది చిన్నమామా. ఆ రంగు పూసింది నేనే."

"మంచిగనే పూసినవ్. వాగు కాణ్ణుంచే కనబడుతది." కాసేపు అల్లిక చూసుకున్నాడు. "నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె. అడుగుతడనే చూసిన. ఆ పొద్దు ఆడికి వచ్చినంక గూడ చూసిన. ఆ భూమి మాకెందుకు, అది ఇడిచిపెట్టి ఎన్నేండ్లాయె. మా అయ్యను గూడ తీసుకుంటడని అనుకోలే."

తిరిగి వస్తూ వాగులో నిలబడి ఏడ్చాను. ముఖం కడుక్కుని ఇల్లు చేరేసరికి మామ వాకిట్లో నిలబడి ఉన్నాడు. అలా నిలబడిన మనిషితో ఆ మాటలు ఎలా చెప్పను? "గంగయ్య మామకు జరమట. తగ్గినంక వస్తనన్నడు," అన్నాను. ఆయన ముఖం ఒక్కసారిగా విప్పారింది. "అదీ సంగతి," అని చుట్ట వెలిగించాడు. మా ఇంట్లో అబద్ధం అప్పటికే కాస్త అలవాటైపోయింది, నా నోటికి అది ఏమీ అడ్డం పడలేదు.

ఆ అబద్ధం పట్టుకుని ఇంకో మూడు వారాలు తడిశాడు.

పునర్వసులో మా ఆయన ఇక ఆగలేదు. పనికి సెలవు పెట్టి, నలుగురు ఆడవాళ్ళను కూలికి పిలిచి, ఒక్క పూటలో చేనంతా పత్తి పెట్టించాడు. నేనూ పెట్టాను. మామ వద్దనలేదు. అరుగు మీద కూర్చుని మేము పోవడమూ చూశాడు, రావడమూ చూశాడు. అంతటితో గొడవ తీరిపోయిందనుకున్నాం.

మర్నాడు పొద్దున లేచి చూస్తే మంచం మీద లేడు. ముసురు పట్టి ఉంది. చేలోకి పరుగెత్తాను. రాయికి దగ్గరి సాలులో మోకాళ్ళ మీద పాకుతూ వేళ్ళతో మట్టి తోడుతున్నాడు. మేము పెట్టిన గింజలు ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకుంటున్నాడు. రెండు సాళ్ళు ఖాళీ చేశాడు అప్పటికే. గింజలకు పూసిన మందు రంగు అంటుకుని ఆయన అరచేతులు ఎర్రగా ఉన్నాయి.

"ఇవి కడిగి ఎండబెట్టు బిడ్డా. గంగయ్య వచ్చినంక పెట్టుకుందాం," అన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది.

మా ఆయనా నేనూ మోసుకొచ్చాం. దవాఖానాలో నెమ్ము చేసిందన్నారు, వారం ఉంచుకున్నారు. ఇంటికి తీసుకుపొమ్మని ఆయనే గొడవపెట్టాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ జావ తాగిస్తుంటే గిన్నె పక్కకు నెట్టి నన్ను పిలిచాడు.

"గంగయ్యకు జరం లేదు గదా?"

"లేదు మామా."

"నాకు తెల్సు." ఊపిరి అందక కాసేపు ఆగాడు. "ఆ రాత తుడిచెయ్యి."

కిరసనాయిలు, పీచు, ఇటుకముక్క పట్టుకుని వెళ్ళాను. చేతులు పుండ్లయ్యేదాకా రుద్దాను. రాయి గరుకుగా ఉంది, రంగు దాని సందుల్లోకి దిగిపోయింది. అక్షరాలు కొంచెం మసకబారాయి కానీ పోలేదు. సిలువ అసలు చెక్కుచెదరలేదు. వచ్చి చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"అట్లయితే నన్నాడ పెట్టకండి," అన్నాడు, ఈసారి కొడుకు వైపు చూస్తూ. "వైరా తీసుకపోండి. మా నాయిన పక్కన పెట్టండి."

మా ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం నేనూ చూశాను, అత్తమ్మా చూసింది. మూడో రోజు మధ్యాహ్నం, అత్తమ్మ జపమాల సగంలో ఉండగా మామ పోయాడు.

శవం పక్కనుంచి మా ఆయన నన్ను లోపలికి పిలిచి చెప్పాడు. ఫైలు ఇంకా పైన ఉంది. సెక్రటరీ కూడా చావుకు వస్తాడు. వైరా తీసుకెళ్ళి ఇన్నయ్య అని పేరున్న సమాధి పక్కన పెడితే ఊరంతా వెంట వస్తుంది, ఊరంతా చదువుతుంది. "ఈడనే పెట్టాలె గ్రేసూ. ఇంకో దారి లేదు," అంటూ గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. తండ్రి మాట తప్పుతూ నిజంగానే ఏడ్చాడు. అత్తమ్మ అంతా విన్నది. మొగుడి పక్కన కూర్చుని, ఎరుపు ఇంకా పూర్తిగా వదలని ఆ అరచేతులు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. జనానికి మాత్రం వాగు పొంగింది, బండి పోదు, అందుకే ఇక్కడ పెడుతున్నామని చెప్పాం. అప్పటికి వాగు తగ్గి రెండు రోజులైంది.

ఊరు ఊరంతా వచ్చింది. తండా వచ్చింది. మా గొడ్లకొట్టంలో తలదాచుకున్న ప్రతి కుటుంబమూ వచ్చింది. ఫాదర్ గారు గొడుగు కింద పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. అనిల్‌కుమార్ పూలదండ తెచ్చాడు. రాయికి ఎడమ పక్కన మావాళ్ళు ముగ్గురు గుంత తవ్వడం మొదలుపెట్టారు. జానెడు లోతు పోయిందో లేదో, వెనక నుంచి జనం పక్కకు జరిగారు. గంగయ్య వచ్చాడు. భుజాన గడ్డపార ఉంది.

శవం దగ్గరికి పోయి కాసేపు ముఖం చూశాడు. తర్వాత గుంత దగ్గరికి వచ్చాడు.

"ఆగండి," అన్నాడు. "మా అయ్య కాళ్ళు అటున్నయ్. అటు తవ్వితే బొక్కలు తగుల్తయ్. ఇటు జరగండి."

తవ్వుతున్నవాళ్ళు పారలు పట్టుకుని మా ఆయన ముఖం చూశారు. మా ఆయన నేల చూశాడు. అనిల్‌కుమార్ చేతిలో దండ అలాగే ఉంది, ఫోను తీసి ఏదో చూడడం మొదలుపెట్టాడు. ఫాదర్ గారికి సంగతి తెలియక, ఎందుకు ఆగారని పక్కవాణ్ణి అడుగుతున్నారు. గంగయ్య ఎవరినీ చూడలేదు. రాయి నుంచి కుడివైపు నాలుగు అడుగులు కొలిచి, గడ్డపారతో గీత గీసి, తనే తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి మావాళ్ళూ వచ్చి చేయి వేశారు. ముందు తవ్విన గుంతను అత్తమ్మ తన చేతులతో పూడ్చింది.

నడుంలోతు వచ్చేదాకా తవ్వి గంగయ్య పైకి ఎక్కాడు. మామను దించాక అందరితోపాటు మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు. నేను దగ్గరికి పోయి, "చిన్నమామా, అన్నం తిని పో," అన్నాను. గడ్డపార భుజాన వేసుకుంటూ నా చేతులు చూశాడు. కిరసనాయిలుకు పగిలిన పుండ్లు ఇంకా మానలేదు.

"ఇడిచిపెట్టు కోడలా. అది పోదు," అని బాట పట్టాడు.

గుంత దగ్గర గంగయ్య 'మా అయ్య' అన్న మాట అనిల్‌కుమార్ ఎక్కడా రాయలేదు. విననట్టే దండ వేసి వెళ్ళిపోయాడు. ఫైలు పైకి పోయింది పోయినట్టే ఉంది. పత్తి మొలిచింది, రెండు సాళ్ళు తప్ప.

నవంబరు రెండున సమాధుల పండుగ. కాగితం ఇంకా రాలేదు. వచ్చే ఏడాది అంటున్నాడు జైరాం. సాయంత్రం వెలుగుండగానే మామ సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాం. మా ఆయన రాయి మీద కూడా ఒకటి నిలబెట్టాడు. చుట్టూ ఊరివాళ్ళు కొందరు ఉన్నారు. మా అమ్మాయి ఆరాధనకు అప్పటికి తొమ్మిదేళ్ళు. మసకబారిన అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"అమ్మా, ఇది తాత వాళ్ళ నాయినదేనా?"

మా ఆయన నన్ను చూశాడు. అత్తమ్మ చేతిలో జపమాల ఆగింది. వాగు అవతల గంగయ్య గుంపులో ఎవరో పొయ్యి రాజేసినట్టున్నారు, పొగ లేస్తోంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాదని తెలుసు. మూడున్నర ఎకరాల పత్తి నా కళ్ళముందు తెల్లగా విచ్చుకుని ఉంది.

"అవ్," అన్నాను. గాలికి కొవ్వొత్తి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టాను.